హౌగాంగ్‌లో నీలిమందు

నాకు ఈర్ష్య ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఈ ప్రయాణం చదివేవాళ్లకు దారి తెలుస్తుంది. సింగపూర్‌కు జనం ఉద్యోగానికి వెళతారు, పిల్లల్ని చూడటానికి వెళతారు, ఎలక్ట్రానిక్ సామాన్లు కొనుక్కోవడానికి వెళతారు. నేను మాత్రం కడుపుమంట ఆపుకోలేక వెళ్లాను.

కంప్యూటర్లకు రెండువేల సంవత్సరం గండం గడిచిపోయి, కాకినాడలో సందుకో కంప్యూటర్ శిక్షణ కేంద్రం వెలసిన రోజులవి. నేను అక్కడి డిగ్రీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ చెబుతాను. ఒకప్పుడు బెంచీలు చాలక కిటికీల్లో కూర్చున్న నా క్లాసు ఇప్పుడు మూడు బెంచీలకు వచ్చింది. పిల్లలంతా పక్క గదిలో కంప్యూటర్ సైన్సు వింటున్నారు. ఆ పక్క గది లెక్చరర్‌ని చూసినా నాకు మండుతుంది. కాకపోతే అది చిన్న మంట.

పెద్దమంట ఓ సోమవారం మధ్యాహ్నం స్టాఫ్‌రూము ఫోన్లో వచ్చింది. చేసింది వసంత. మా గురువుగారు జోగారావు మాస్టారి కూతురు. సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాస్టారు రెండేళ్లుగా ఆ అమ్మాయి దగ్గరే ఉంటున్నారు.

"మూర్తి అన్నయ్యా, నాన్నగారికి ఎనభై నిండుతున్నాయి. శాలువాలు వద్దట, పాటలు వద్దట. జర్మన్ కథ మళ్లీ ఒకసారి వినాలని ఉందట. ప్రకాశం అన్నయ్య చెబుతానన్నాడు. నీకు తెలిస్తే సంతోషిస్తావని చేశాను."

సంతోషం మాట దేవుడెరుగు, ఆ మధ్యాహ్నం క్లాసులో సుద్దముక్కలు విరిగిపోయాయి.

జర్మన్ ఎవరో చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రవేత్త. ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ఎక్కడ తెరిచినా తగులుతూనే ఉంటాడు. పేరు మా నోళ్లకు తిరిగేది కాదు కాబట్టి మాస్టారు "మన జర్మన్" అనేవారు, మేమూ అదే అనేవాళ్లం. కుర్రతనంలో పుట్టినరోజు డబ్బుతో మిఠాయి కొనుక్కోకుండా నీలిమందు గడ్డ కొనుక్కున్నాడట. ఆ రోజుల్లో నీలిమందంటే మన దేశపు పొలాల్లో పండి, మనవాళ్ల తొట్లలో పులిసి, ఓడలెక్కి వెళ్లిన సరుకు. ఆ గడ్డ లోపల ఏముందో తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్లూ పూళ్లూ పట్టాయి. చివరికి మొక్కతో పని లేకుండా గాజుగొట్టంలో ఆ నీలాన్ని పుట్టించాడు. తర్వాత ఫ్యాక్టరీలవాళ్లు దాన్ని చవగ్గా తయారుచేసే దారి పట్టుకున్నారు, మన నీలిమందు పొలాలు మూలపడ్డాయి. "ఆయన్ని తిట్టాలో దణ్ణం పెట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదర్రా" అనేవారు మాస్టారు.

ఆ జర్మన్‌కు ఓ అలవాటు ఉండేదని చెబుతారు. ప్రయోగశాలలో కూడా టోపీ తీసేవాడు కాదట. ఎవరి గొట్టంలోనైనా గొప్ప ఫలితం కనబడితే, మాట్లాడకుండా టోపీ తీసి పట్టుకునేవాడట. మాస్టారు ఆ అలవాటు ఎత్తుకొచ్చారు. మద్రాసులో కొన్న నల్లటోపీ ఒకటి పెట్టుకుని ల్యాబులో తిరిగేవారు. మేము చదివిన మూడేళ్లలో ఆ టోపీ ఒక్కసారి దిగింది.

ప్రకాశం, నేను ఒకే బెంచి దగ్గర ప్రాక్టికల్స్ చేసేవాళ్లం. చివరి ఏడాది జర్మన్ పద్ధతిలో గాజుగొట్టంలో నీలిమందు చేయించారు మాస్టారు. నేను క్షారం ఒక్కసారిగా పోసేశాను, నాది తారులాంటి ముద్దయింది. ప్రకాశం ఓపిగ్గా చుక్కచుక్కగా వేశాడు. వాడికి నీలం వచ్చింది. మాస్టారు టోపీ తీశారు. ఆ క్షణం నుంచి ఈ పాతికేళ్ల పైచిలుకు నేను ఆ టోపీ కిందే బతికాను. ప్రకాశం కెమిస్ట్రీ వదిలేసి పెట్రోకెమికల్ ఉద్యోగానికి సింగపూర్ పోయాడు. నేను మాస్టారి కుర్చీలో కూర్చుని ఏటా జూలైలో జర్మన్ కథ చెబుతున్నాను. కామర్సు పిల్లలు కూడా వచ్చి వరండాలో నిలబడి వింటారు. అది నా కథ. వాడికి టోపీ దక్కింది, ఇప్పుడు కథ కూడా కావాలట.

వెళతానంటే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా నాన్న షష్టిపూర్తికి సామర్లకోట రాలేకపోయారు. ఇప్పుడు పుట్టినరోజుకి సముద్రం దాటతారా?" అంది. నేను అటు తిరిగి పెట్టె సర్దుకున్నాను.

పాస్‌పోర్టు అంతకుముందు ఎప్పుడో చేయించి బీరువాలో పెట్టినదే. వీసా, టికెట్టు చెన్నైలోని ఒక ట్రావెల్స్‌వాళ్ల ద్వారా వారంలో వచ్చాయి. వెళ్లేవాళ్లకు చెబుతున్నాను, వీసాకు ఫొటోల వెనక తెల్లటి గోడ ఉండాలి. నేను నీలం తెర ముందు దిగిన ఫొటోలు తీసుకెళ్లి మళ్లీ తీయించుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం కాకినాడలో చెన్నై రైలెక్కాను. ఎదురు బెర్తులో ఒక కుర్రాడు, చెన్నైలో ఉద్యోగానికి పోతున్నాడు. తుని వంకాయంత నున్నగా ఉంది వాడి బ్యాగు. రాజమండ్రి వంతెన దాటుతుండగా పలకరించాడు.

"అంకుల్, మీరు దేని మీద వర్క్ చేస్తారు? జావానా, మెయిన్‌ఫ్రేమా?"

"కార్బన్ మీద" అన్నాను.

"అది కొత్తగా వచ్చిందా అంకుల్? ఎక్కడ నేర్పుతున్నారు?" అని జేబులోంచి పెన్ను తీశాడు. ఏలూరు వచ్చేదాకా నేను వాడితో మాట్లాడలేదు. విజయవాడలో పులిహోర పొట్లం కొనుక్కుని తిని పడుకున్నాను.

గురువారం తెల్లారేసరికి చెన్నై. స్టేషన్ దగ్గరే స్నానం, ఇడ్లీ. ఎయిర్‌పోర్టుకు ఆటోవాడు మీటరు మీద సగం అదనంగా అడిగాడు, ఇచ్చాను. పది గంటలకు విమానం. కిటికీ సీటు నాకు రాలేదు. కిటికీ సీటులో కూర్చున్నాయన ఎక్కీ ఎక్కగానే కళ్లు మూసుకుని గురకపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఇటు పక్కన టెక్కలి దగ్గర్నుంచి వచ్చినతను, ఓడల యార్డులో వెల్డింగు చేస్తాడు, సెలవు అయిపోయి తిరిగి వెళుతున్నాడు.

"ఏటి బాబూ, కొత్తేటి? మొదటిపాలి ఎల్తన్నారేటి?" అన్నాడు. అవునన్నాను. "దిగినాక తిన్నగా నడిచీయండి. అందరూ ఎటెల్తే అటు ఎల్లిపోడమే" అని నా బెల్టు తనే పెట్టాడు. అతని చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు. మూడేళ్లలో ఊళ్లో ఇల్లు కట్టేశాడట. నేను ఇరవై రెండేళ్లు పాఠం చెప్పి అద్దె ఇంట్లోనే ఉన్నాను.

అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. దిగేసరికి సాయంత్రం నాలుగున్నర దాటింది. పొద్దున చెన్నై నుంచి ఫోన్ చేసి చెప్పాను కాబట్టి ప్రకాశం బయట నిలబడి ఉన్నాడు. తలమీద ఒత్తుగా జుట్టు. నాకు ఎప్పుడో పోయింది.

"ఏరా మూర్తీ! ఇంత సడన్‌గా వచ్చేస్తే ఎలాగరా? ముందే చెబితే లీవ్ పెట్టేవాణ్ణి కదా" అని కావలించుకున్నాడు. పెట్టె లాక్కుని టాక్సీలో పడేశాడు. దారి పొడవునా చెట్లు ఎవరో వరసకట్టి నిలబెట్టినట్టున్నాయి.

వాడి ఫ్లాటు టోవా పాయోలో, పదకొండో అంతస్తు. రెండు పడకగదులు, వంటింటి కిటికీలోంచి బయటికి వెదురు గెడలు చాపి వాటి మీద బట్టలు ఆరేసుకుంటారు. వాడికి బడికెళ్లే కూతురు ఒకతె. భార్య సరోజ మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి. ముత్తాతల కాలంలో తోటల పనికి వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబం.

"రండి అన్నా. దూరం వచ్చారు, పసి ఎక్కువ ఉంటుంది. ముందు మాకన్, తర్వాతే మాటలు" అంది. ఆవిడ తెలుగులో తమిళం, మలయ్ కలిసి ఉంటాయి. పసి అంటే ఆకలనీ, మాకన్ అంటే భోజనమనీ కంచం చూశాక అర్థమైంది. చేపల పులుసు పెట్టింది. మా ఆవిడ పులుసు కన్నా బాగుంది. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను గానీ ఇంట్లో అనను.

భోజనాలయ్యాక అసలు మాట కదిపాను. "కథ నువ్వు చెబుతున్నావటగా?"

"మాస్టారు అడిగారురా. ఆదివారం ఆదివారం వెళ్లి పేపరు చదివిపెడుతుంటాను కదా, అలా మాటల్లో వచ్చింది."

ఆదివారం ఆదివారం! నేను కాకినాడ నుంచి దసరాకీ ఉగాదికీ కార్డు ముక్క రాసి, శిష్యధర్మం చెల్లించానని మీసం దువ్వుకుంటున్నాను. వీడు వారం వారం ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. ఆ రాత్రి ఫ్యాను కింద దొర్లుతూ ఆ ఆదివారాలన్నీ లెక్కవేసుకున్నాను.

శుక్రవారం వాడికి మధ్యాహ్నం షిఫ్టు. పొద్దున నన్ను తినడానికి తీసుకెళ్లాడు. అక్కడ హాకర్ సెంటర్లు ఉంటాయి, ఒకే కప్పు కింద ఎన్నో తిండి దుకాణాలు. ప్రకాశం వెళుతూనే ఒక ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం పడేసి వరసలో నిలబడ్డాడు. దీన్ని చోప్ చేయడం అంటారట. పొట్లం పెట్టిన బల్ల జోలికి ఎవరూ రారు. పరాటాలూ కాఫీ తెచ్చుకుని వచ్చేసరికి బల్ల మా కోసం అలాగే ఉంది. మాస్టారి విషయంలో వీడు నాకన్నా ముందు ఇదే పని చేశాడనిపించి కాఫీ చేదెక్కింది. కాఫీ అరవై సెంట్లు, మన డబ్బుల్లో పదిహేను రూపాయల పైన.

తర్వాత రైల్లో, బస్సులో పడమటి ఒడ్డున ఒక పార్కుకు వెళ్లాం. నీళ్లకు అవతల వాడు పనిచేసే జురాంగ్ ఐలాండ్. ద్వీపం పొడవునా గొట్టాలు, గోళాలు, వెండిరంగు స్తంభాలు, ఒక చిమ్నీ కొసన మంట. పాసు లేనిదే ఎవర్నీ రానివ్వరు కాబట్టి దూరం నుంచే చూశాను. ఇంత కెమిస్ట్రీ ఒక్కచోట నేను పుట్టి ఎరగను. నా ల్యాబులో గ్యాసు రావడం మానేసి చాలా కాలమైంది, స్పిరిటు దీపాలతో నెట్టుకొస్తున్నాం. ఆ మాటే అన్నాను.

"ఏం కెమిస్ట్రీరా బాబూ" అన్నాడు ప్రకాశం. "పైపుల్లో ఏం పోతోందో ఒక్కనాడు కంటితో చూళ్లేదు. స్క్రీన్ మీద అంకెలు చూస్తాను. అంకె పెరిగితే వాల్వు తగ్గించడం, తగ్గితే పెంచడం. నీకేం, రోజూ రంగులు చూస్తావు."

నా మీద జాలిపడి అంటున్నాడనుకుని నేను సముద్రం వైపు తిరిగాను.

శనివారం పది గంటలకు టోవా పాయో బస్సుల అడ్డాలో బస్సెక్కి హౌగాంగ్ వెళ్లాం. అక్కడికి అప్పటికి రైలు లేదు. బస్సులో డ్రైవరు పక్కన యంత్రంలో కార్డు దూర్చాలి, చిల్లర తిరిగి ఇవ్వరు. వసంత ఫ్లాటు నాలుగో అంతస్తులో. తలుపు తీయగానే సోఫాలో మాస్టారు. ఇంట్లోనే, ఫ్యాను కిందే, తలమీద అదే నల్లటోపీ. చిన్నగా అయిపోయారు.

"ఎవరు, ప్రకాశమేనా? ఇంకో అడుగుల చప్పుడు ఎవరిది?"

"నేనండి, మూర్తిని."

"మూర్తా! కాకినాడ మూర్తే? రా రా, ఇలా దగ్గరికి రా" అని చేతులు చాపారు. శుక్లాలు బాగా ముదిరాయట. వెలుగు తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, మొహం తెలియదు. వచ్చే నెల ఆపరేషను. "ల్యాబ్ ఎలా ఉందిరా? ఆ మూల అల్మరా తలుపు ఇంకా ఊడిపోతోందా?" అని అడిగారు. ఊడిపోతూనే ఉందని చెబితే ఎంతో తృప్తిగా నవ్వారు.

నేను నేరుగా అడిగేశాను. "మాస్టారూ, రేపు కథ నేను చెబుతానండి. ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాను."

వసంత వంటింట్లోంచి తొంగిచూసింది. మాస్టారు టోపీ సర్దుకున్నారు.

"దెబ్బలాట ఎందుకర్రా? ఆయన జీవితం ఒకడు చెప్పండి, ఆయన పని ఒకడు చేసి చూపించండి. మూర్తీ, నీకు కథ బాగా వచ్చు కాబట్టి జీవితం నువ్వు చెప్పు. ప్రకాశం గుడ్డ ముంచి నీలం చూపిస్తాడు."

న్యాయమైన తీర్పే. నేను కోరిన కథ నాకు వచ్చింది. కానీ నా బుర్ర వేరే దారి పట్టింది. కథకు టోపీ తీయరు. టోపీ తీసేది నీలానికి. మళ్లీ ఆ నీలం ప్రకాశం చేతిలోంచి వస్తే నా గతేం కావాలి?

"పని నేను చేస్తానండి. కథ వాడికే ఇచ్చేయండి" అన్నాను. ప్రకాశం ఆశ్చర్యంగా చూశాడు. నాకు నేనే తెలివైనవాణ్ణనిపించాను. నా చేతిలో ఉన్న ఒక్క విద్యా వాడి చేతిలో పెట్టానని ఆ పూట తోచలేదు.

ఆ సాయంత్రం అరబ్ స్ట్రీట్‌లో బట్టల కొట్లన్నీ తిరిగి నీలిమందు పొడి, ఒక నూలు గుడ్డ కొన్నాం. అద్దకంవాళ్లు హైడ్రోస్ అనే తెల్లపొడి, క్షారం ప్రకాశం తెలిసినవాళ్ల దగ్గర సంపాదించాడు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. నీలిమందు నీళ్లలో కరగదు. హైడ్రోస్, క్షారం వేసి వేడి నీళ్లలో ఉంచితే నీలం పోయి పసుపుపచ్చ నీళ్లవుతుంది. అందులో ముంచిన గుడ్డ ఆకుపచ్చగా బయటికి వస్తుంది. గాలి తగిలిన తర్వాత చూస్తుండగానే నీలమవుతుంది. ఒకటే నియమం, నీళ్లను గట్టిగా కలపకూడదు. గాలి లోపలికి పోతే నీళ్లే నీలమైపోయి ఇక రంగు పట్టదు. ఇది నేను ఏటా పిల్లలకు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పే విషయం.

ఆదివారం నాలుగున్నరకు హౌగాంగ్‌లో వసంత వాళ్ల బ్లాకు కింద. అక్కడ ఫ్లాట్లన్నిటికీ కింది అంతస్తు ఖాళీగా వదిలేస్తారు. పెళ్లయినా చావైనా ఆ స్తంభాల మధ్యే. ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. వసంత ఆఫీసు కుర్రాళ్లు, పిల్లలతో వచ్చిన నాలుగైదు తెలుగు కుటుంబాలు, ఎవరో తెలియకపోయినా కేకు కోసం ఆగిన ఒక చైనా ముసలమ్మ. మాస్టారు ముందు వరసలో టోపీతో, చేతికర్రతో.

మాస్టారికి కనబడదు కాబట్టి నీలం రాగానే ఎవరో ఒకరు చెప్పాలి. ప్రకాశం పక్కన కూర్చుంటే నా గొప్ప తగ్గించి చెబుతాడని భయపడి, వసంతను కూర్చోబెట్టాను. "రంగు రాగానే గట్టిగా చెప్పమ్మా, మూర్తి అన్నయ్య చేశాడని కూడా చెప్పు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ తలూపింది.

ప్రకాశం కథ మొదలుపెట్టాడు. వాడు నాలా నిలబడలేదు, బల్ల అంచు మీద కూర్చున్నాడు. పుట్టినరోజు డబ్బుతో కుర్రాడు నీలిమందు గడ్డ కొన్నాడనగానే ప్రకాశం కూతురు లేచింది. "పప్పా, హిజ్ మదర్ స్కోల్డ్ హిమ్ ఆర్ నాట్?"

"తిట్టే ఉంటుందమ్మా" అన్నాడు ప్రకాశం. "చేతులకి అంటుకుంటుంది కదా. ఒకటికి పదిసార్లు చెయ్యి కడిగించి ఉంటుంది. అది పోదు. బడిలో నీలం చేత్తోనే అన్నం తిని ఉంటాడు."

పిల్లలంతా పకపకా నవ్వారు. మాస్టారు మోకాలు చరిచారు. ఇరవై రెండేళ్లలో జర్మన్ చేతులు నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నేను చెప్పే కథలో ఆయన పుట్టగానే శాస్త్రవేత్త. వాడి కథలో పిల్లవాడు. పొలాలు మూలపడ్డ చోట వాడు గొంతు తగ్గించి, "కనిపెట్టినాయనకి తప్పు లేదు, పండించినవాళ్లకీ తప్పు లేదు. అయినా అన్నం పోయింది" అని ఊరుకున్నాడు. నాలో మంట గొంతుదాకా వచ్చింది.

నా వంతు వచ్చింది. పెద్ద గాజుజాడీలో నీళ్లు పసుపుపచ్చగా సిద్ధంగా ఉన్నాయి. కథకు వచ్చినంత సందడి నా పనికీ రావాలని, గాజుకడ్డీ తీసుకుని ఆర్భాటంగా గిరగిరా తిప్పి కలిపాను. నా చేత్తోనే. పైన నీలం తెట్టు కట్టడం చూసి అప్పుడు చెయ్యి ఆపాను. గబగబా గుడ్డ ముంచాను. అడుగున ఇంకా కొంచెం పసుపుపచ్చ మిగిలి ఉంది, గుడ్డను అక్కడికి నొక్కాను. ఒకే ఒక్క మునక. ఆ తర్వాత జాడీ మొత్తం పోయింది.

గుడ్డ బయటికి తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. ఆకుపచ్చగా కారుతోంది.

"అంకుల్, నాట్ బ్లూ లా!" అని ప్రకాశం కూతురు అరిచింది.

నేను గుడ్డకేసి చూడలేదు. మాస్టారినే చూస్తున్నాను. ఆయన రెండు చేతులూ కర్ర మీద ఉన్నాయి. జనంలోంచి "అబ్బ" అని ఒక చప్పుడు లేచింది, కుర్చీలు జరిగాయి, పిల్లలు ముందుకు వచ్చారు. వసంత "వచ్చింది నాన్నా, నీలం" అంది. మాస్టారి కుడిచెయ్యి కర్రను వదిలింది. మెల్లిగా పైకి లేచింది. టోపీ అంచు పట్టుకుని తీసి గుండె మీద పెట్టుకున్నారు. తల మీద నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేచాయి.

ప్రకాశం మొహం ఎలా ఉందో చూద్దామని తిరిగాను. వాడు నన్నూ మాస్టారినీ ఎవర్నీ చూడటం లేదు. నోరు కొంచెం తెరిచి గుడ్డనే చూస్తున్నాడు.

"మూర్తీ" అన్నారు మాస్టారు. "నువ్వే దగ్గరున్నావు. ఎలా వచ్చిందో చెప్పరా."

నేను గొంతు సవరించుకున్నాను. "శ్రావణంలో తొలి మబ్బు గోదావరి మీదికి దిగినట్టు దిగింది మాస్టారూ."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "అది నా వాక్యంరా. మీ క్లాసులో నేను చెప్పింది. నువ్వు చూసింది చెప్పు. అంచుల్లోంచి వచ్చిందా, నడిమి నుంచి వచ్చిందా? మచ్చలు మచ్చలుగానా, ఒక్కసారా?"

గుడ్డ నా చేతుల్లోనే ఉంది. అప్పటికే మొత్తం నీలం. మోచేతుల దాకా చుక్కలు కారుతున్నాయి. అది ఎలా వచ్చిందో నాకు తెలియదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"చూడలేదండి" అన్నాను. "మీ టోపీని చూస్తున్నాను."

కుర్రాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు.

"టోపీనా? దాన్ని చూడ్డానికేముందిరా? అది నీకు తీసింది కాదు. అప్పుడు కూడా ప్రకాశానికి తీసింది కాదు. ఆ పదార్థానికి తీస్తాను. ఎవడి చేతిలో వస్తే నాకేంటి? ఎవరర్రా చూసినవాళ్లు? చెప్పండి."

ప్రకాశం నా వైపు ఒకసారి చూసి, లేచి వచ్చి మాస్టారి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"పై అంచు నుంచి వచ్చింది మాస్టారూ. నీళ్లు ముందు కారిపోయిన చోట. ముందు ఆకుపచ్చ మాసిపోయింది, ఏ రంగూ లేనట్టు ఒక్క క్షణం. అప్పుడు నీలం కిందికి పాకింది. మూర్తి బొటనవేలు నొక్కిన చోట మాత్రం చివరిదాకా పచ్చగానే ఉంది. వాడు వేలు జరిపాక అదీ నీలమైంది."

మాస్టారు కళ్లు మూసుకుని విన్నారు. "వేలు కింద పచ్చగా ఉందీ!" అని రెండుసార్లు అనుకున్నారు. ఆ మొహంలో వచ్చిన వెలుగు చూసి, మళ్లీ ముంచి చూద్దామని జాడీ వైపు వెళ్లాను. జాడీ నిండా నల్లటి నీలం. రెండో గుడ్డకు రంగు పట్టలేదు. పిల్లలకు చెప్పే పాఠం నాకే పనికిరాలేదు. కేకు కోశారు. చైనా ముసలమ్మ నీలం గుడ్డను వేళ్లతో తడిమి, నా వైపు బొటనవేలు ఎత్తి చూపించింది. ఆవిడ కూడా చూసింది.

సోమవారం మధ్యాహ్నం విమానం. ప్రకాశం సెలవు పెట్టి టాక్సీలో దింపాడు. "జూలైలో నీ క్లాసుకి వస్తానురా, కిటికీలో కూర్చుంటాను" అన్నాడు. రమ్మన్నాను. మనస్ఫూర్తిగానే అన్నానా అంటే సగం.

ఈసారి కిటికీ సీటు దొరికింది. కింద ఓడలు, ద్వీపాలు, చిమ్నీ కొసన మంటలు. సింగపూర్ శుభ్రమైన ఊరు, తిండి చవక, బస్సులు చెప్పిన వేళకు వస్తాయి, తెలుగువాళ్లు ఆదరంగా చూస్తారు. వెళ్లేవాళ్లు నాలుగు రోజులు పెట్టుకుంటే చాలు. నేను ఆ నాలుగు రోజుల్లో చూడవలసింది ఒక్కటే ఉండింది, అది నా చేతుల్లో జరిగింది. ఆ కుర్చీల్లో కూర్చున్న ప్రతివాళ్ల మీదా, కేకు కోసం ఆగిన ముసలమ్మతో సహా, నాకు కడుపు మండుతూనే ఉంది.

చెన్నైలో దిగేసరికి సాయంత్రమైంది. కాకినాడ రైలుకు ఇంకా వేళ ఉంది. క్షేమంగా చేరానని చెబుదామని స్టేషన్ బయట ఐ.ఎస్.డి. బూత్‌లోంచి హౌగాంగ్‌కు ఫోన్ చేశాను. మాస్టారే ఎత్తారు. ఆరోగ్యం, ప్రయాణం అన్నీ అయ్యాక పెట్టేయబోతుంటే, "ఒరేయ్, ఆగు" అన్నారు.

"నిన్న ప్రకాశం అలా చెబుతుంటే నాకు ఎంత కుళ్లొచ్చిందో తెలుసా? వాడు చూశాడు. మా వసంత చూసింది. వాడి కూతురు చూసింది. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లందరూ చూశారు. జీవితమంతా దాని వెంటపడ్డవాణ్ణి, ఎదురుగా కూర్చుని నాకు కనబడలేదు. రాత్రంతా నిద్ర లేదు."

బూత్ మీటరులో అంకెలు గిర్రున తిరుగుతున్నాయి.

"నువ్వు కూడా చూడలేదు కదూ?" అన్నారు.

"లేదండి."

"ఒట్టు?"

"ఒట్టండి. ఏమాత్రం చూడలేదు."

"హమ్మయ్య" అన్నారు మాస్టారు. "అదొక్కటే నాకు కాస్త ఊరట."

రైలు వేళకే వచ్చింది. పై బెర్తు దొరికింది. ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను, సామర్లకోటలో ఎవరో తట్టి లేపారు.